ఫ్యాను ఆపిన గది

నీలావతి వేళ్ళకు ఇంత బూడిద రాసుకొని, పాత పోగు కొసను కొత్త పోగు కొసతో కలిపి మెలిపెట్టింది. ఒకటి అతుక్కుంది. ఇంకా వేల పోగులున్నాయి. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటే కలపాలి. ధర్మవరంలో దాన్ని అచ్చు అతకడం అంటారు. అతికినంతసేపూ ఫ్యాను వేసుకోకూడదు. పట్టుపోగు వెంట్రుక కంటే సన్నం, కాస్త గాలి తగిలితే చాలు లేచిపోయి ఒకదానికొకటి చుట్టుకుంటుంది. ఏప్రిల్ ఎండ రేకుల మీద ఉడుకుతోంది. చెమట కనురెప్పల మీదికి వస్తే తుడుచుకోవడానికి కూడా భుజమే, చేతులు ఖాళీ ఉండవు కదా.

గుమ్మానికి అవతల నడవలో ఆమె మొగుడు గోవిందరాజులు, కొడుకు అన్నాలు తింటున్నారు. వాళ్ళకు కూలర్ తిరుగుతోంది.

"పోయినేడు పెట్టిన దుడ్డుకు రెట్టింపు పెడతాండారు నాయనా ఈ ఏడు," అంటున్నాడు కొడుకు చంద్రమోహన్. పెనుకొండ దాటినాక కట్టిన డేటా సెంటర్‌లో అతను ఎలక్ట్రీషియన్. వారానికొకసారి ఇంటికి వస్తాడు, వచ్చినప్పుడల్లా ఆ కంపెనీ కథే. "వచ్చే ఏడు ఇంకా పెడతారంట. హాళ్ళకు హాళ్ళు కంప్యూటర్లే. వాటికి రవ్వంత కూడా వేడి తగలకూడదు. మనం స్వెటర్ ఏసుకొని పోవాల లోపలికి."

"చూసినావామ్మే, మిషన్లకు చలంట," అని గోవిందరాజులు గుమ్మం వైపు గొంతు పెంచాడు. కంపెనీ తనదే అన్నంత సంబరం ఆయనకు.

నీలావతి వింటూనే ఉంది. ఆ కంపెనీల సంగతి ఆమెకు తెలియనిది కాదు. బడి మొహం చూడకపోయినా, పట్టు చుట్టుకొచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకుంది. ఇప్పుడు మధ్యాహ్నాలు అందరూ వదిలేసిన పేపరు మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. కృత్రిమ మేధ అని రాస్తారు, దానికి అన్ని వేల కోట్లు, ఇన్ని వేల కోట్లు అని రాస్తారు. ఆ సున్నాలు చూస్తే ఆమెకు ఎందుకో దిగులు పుడుతుంది. అంత పెట్టి ఎవరిని ఇంటికి పంపించబోతారో అని.

"అంత దుడ్డు ఏమిటికప్పా?" అని ఇక్కణ్ణుంచే అడిగింది.

"మనుషులు చేసే పనులు అవి చేసేదానికి మా."

"అచ్చు అతుకుతాయా?"

కొడుకు నవ్వాడు. "అదింకా రాలేదులే."

"రాదు కూడా," అన్నాడు గోవిందరాజులు, మజ్జిగ పోసుకుంటూ. "ఆ పనికి దుడ్డు ఎవరు పెడతారప్పా, ఇంట్లో ఆడోళ్ళు ఉండంగా?"

కోడలు యామిని చేతిలోని గరిటె ఒక్క క్షణం ఆగింది. నీలావతి చేతిలోని పోగు తెగింది.

తెగిన పోగును వెతుక్కుంటుంటే పొద్దున విన్న మాటే మళ్ళీ చెవిలో పడింది. నంబులపూలకుంట నుంచి అక్క చౌడక్క ఫోన్ చేసింది. అనంతపురం డాక్టర్లు ఇంక మందులు దండగ అని ఆమెను ఇంటికి పంపేశారు. "ఈ నాలుగు దినాలు మాట బాగనే వస్తాండాది పాపా. వస్తే మాట్లాడుకుందాం. ఆపైన వచ్చినా నేను నిన్ను గుర్తుపడతానో లేదో," అంది. బాధపడుతూ కూడా అనలేదు, కూరకు ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు అంది. మధ్యాహ్నం బస్సుకు పోతానని నీలావతి అంటే గోవిందరాజులు పేపర్లోంచి తల ఎత్తలేదు. "అచ్చు అయిపోనీ, పోదువులే. ఒక చేత్తో మొదలుపెట్టింది ఆ చేత్తోనే అయిపోవాల. మా యమ్మ ఎప్పుడూ చెప్తాండె కదా."

అత్త చెప్పేది, నిజమే. రెండు చేతుల మెలి ఒకటిగా ఉండదు, నేసేటప్పుడు పుటుక్కుమంటుంది అని. ఆ మాట పట్టుకొని నీలావతి వయసంతా ఈ ఉక్కగదిలో కూర్చుంది. ముదిగుబ్బలో అమ్మకు బాగాలేదని కబురొచ్చిన రోజు కూడా ఒక అచ్చు సగంలో ఉండింది. పెండ్లి చీర, ఆగే పని కాదన్నారు. అది ముగించుకొని బస్సు దిగేటప్పటికి అమ్మను తీసుకుపోయి, ఇంటి ముందు నీళ్ళు చల్లి కడిగేసి ఉన్నారు, తడి ఆరను కూడా ఆరలేదు. ఆ చీర ఎవరు కట్టుకున్నారో, ఏ పెండ్లో, దాని రంగు మాత్రం ఇప్పటికీ ఆమెకు కండ్లముందే ఉంటుంది. వంకాయ రంగు, పసుపు అంచు. ఆ రంగు చీర ఇంట్లోకి తెచ్చుకోలేదు మళ్ళీ.

"ఒక మిషన్ ఆగిపోతే ఏమి చేస్తారబ్బా?" నడవలో గోవిందరాజులు అడుగుతున్నాడు.

"ఆగినట్టే తెలీదు నాయనా. ప్రతిదానికీ పక్కన ఇంకొకటి రెడీగా ఉంటాది. కరెంటుకు ఇంకో లైను, ఏసీకి ఇంకో ఏసీ. ఒకదాన్ని రిపేరుకు తీస్తే ఇంకొకటి అందుకుంటాది."

నీలావతి చేతులు ఆగాయి.

చంద్రమోహన్ పుట్టినప్పుడు నొప్పులొచ్చి ఆమె సగం అచ్చులో లేచిపోయింది. మిగతా సగం ఎవరు అతికారు? అత్తే. గొణుక్కుంటూనే అతికింది. ఆ చీరకు ఏమైంది? ఏమీ కాలేదు. చీరలు కొనే షాపాయన మెచ్చుకొని తీసుకుపోయాడు. ఇన్నేళ్ళుగా ఆ సంగతి తన తలలోనే ఉండి, ఒక్కసారి కూడా తనకు అడ్డం రాలేదేమిటి?

అతకని పోగులన్నీ పాయలుగా ముడేసింది. గాలి తగలకుండా పాత చీర కప్పింది. లేచి, ఫ్యాను వేసి, దాని కింద నిలబడింది. వీపు మీద రవికె ఆరుతుంటే ఒళ్ళు జలదరించింది.

ఆమె సంచి పట్టుకొని నడవలోకి రావడం చూసి గోవిందరాజులు ముద్ద చేతిలోనే పెట్టుకున్నాడు.

"యాడికే? అచ్చు సగంలో ఉండాది కదే."

"చౌడక్క దగ్గరికి. ఎన్ని దినాలో తెలీదు."

"షాపాయన వస్తాడు. ఎవరు అతుకుతారు? యామినమ్మ చేస్తాదా?"

"దానికి రాదు," అంది నీలావతి. కావాలనే నేర్పలేదు. ఈ ఉక్కగది బతుకు తనతోనే పోవాలని కోడలు కాపురానికి వచ్చిన రోజే అనుకుంది. "నువ్వు అందుకో."

"నేనా? పుట్టినప్పటినుంచి మగ్గంలోనే ఉన్నా, అచ్చు ముట్టింది లేదు."

"నేను పుట్టింది ముదిగుబ్బలో, సేద్యం చేసుకునేటోళ్ళ ఇంట్లో. నాకు వచ్చింది కదా."

చంద్రమోహన్ ఏదో అనబోయాడు. "బస్టాండ్‌లో దింపుదువు రా," అంది యామిని మొగుడితో. ఆమె చేతిలో అప్పటికే బండి తాళాలు ఉన్నాయి.

కదిరి దాటి బస్సు ఎండలోకి మళ్ళింది. కిటికీలోంచి వచ్చేది వడగాలే, అయినా నీలావతి అద్దం మూయలేదు. అక్క మాట ఇంకా బాగుండాలి, బాగుండాలి అని లోపల ఒకటే అనుకుంటోంది. చౌడక్కకు ఫోన్ చేస్తే, "అన్నం పెట్టుకోకుండా చూస్తాండా, రా," అంది అక్క. ఆ గొంతు విన్నాక కొంచెం ఊపిరి ఆడింది.

నంబులపూలకుంట దగ్గరపడుతుండగా ఫోన్ మోగింది. గోవిందరాజులు.

"ఏమ్మే, ఈ పోగులు నిలుస్తాయా పాడా? పట్టుకుంటే లేచిపోతాండాయి, చిక్కు పడతాండాయి. నువ్వెట్ల అతుకుతాండావే?"

నీలావతికి వెంటనే అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ గదిలో ఆగిన ఫ్యానును చూసి, "మీ యమ్మకు కరెంటు బిల్లంటే అంత భయం," అని కొడుకుతో నవ్విన మనిషి.

"ఫ్యాను ఆపు," అంది.

ఫోన్లో ఫ్యాను రొద ఇంకా వినపడుతూనే ఉంది.

"ఈ ఎండలోనా?" అన్నాడు గోవిందరాజులు.