వెనక తలుపు క్యాంపర్

మా ఆయన డెల్బర్ట్‌ని దేవుడు తీరిగ్గానే చేశాడు గానీ, చెవుల దగ్గరకొచ్చేసరికి భోజనానికి లేచినట్టున్నాడు. నేను చెప్పింది ఒక్కటీ వాటిలోకి దిగదు. అదే మాట దుకాణంవాడు చెబితే మాత్రం సువార్త.

ఏటా ఆకులు పసుపెక్కే వేళకి బిటర్‌రూట్ కొండలకి వెళ్తాం. ఆయన ఎల్క్ దుప్పుల వేటకి, నేను హేజెల్ మీద పైపైకి ఎక్కడానికి. హేజెల్ నా గుర్రం. పుట్టినప్పుడు గడ్డితో తుడిచి నిలబెట్టింది నేనే. నా మోకాళ్ళు అరిగిపోయాక ఆ కొండలు నాకు దాని కాళ్ళతోనే మిగిలాయి.

డేరాలో పడుకోవడం ఇక మావల్ల కాక, ట్రక్కు వీపు మీద కూర్చునే క్యాంపర్, అంటే ఓ బుల్లి ఇల్లు, కొందామనుకున్నాం. నా షరతు ఒక్కటే: అది పెట్టాక కూడా ట్రక్కు వెనక హేజెల్ నిలబడే ట్రైలర్ బండిని లాగగలగాలి.

దుకాణంలో రెండు చూశాం. ఒకటి పొట్టిది, పక్క తలుపు. ట్రక్కులో ఒద్దికగా ఇమిడింది, వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం బయటికే కనబడుతోంది. రెండోది ట్రక్కు దాటి వెనక్కి బారెడు పొడుచుకొచ్చింది. అందులో విడిగా స్నానాల గది, మీట నొక్కితే బయటికి జరిగే సోఫా. తలుపేమో వెనక. ట్రైలర్ తగిలించాక దాని ముక్కు తలుపుకి అడ్డం రాదా అని అడిగాను. కొక్కేనికి పొడుగాటి ఇనప కడ్డీ వేసి ట్రైలర్‌ని దూరం జరుపుతారట. కడ్డీ పొడుగైతే మోసే బలం తగ్గదా అన్నాను. బకెట్ చేత్తో పట్టుకోవడం వేరు, చీపురు కర్ర చివర తగిలించి ఎత్తడం వేరు. ఇల్లు తుడిచే ఎవరికైనా తెలుసు. మా ఆవిడ కాలేజీలో చదివింది కవిత్వంలే అని డెల్బర్ట్ దుకాణంవాడితో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మర్యాదకి నేనూ నవ్వాను.

ఆ తర్వాత మా ఊరి మగాళ్ళంతా చేసే పనే ఆయనా చేశాడు. ఖాళీ ట్రైలర్ తగిలించి, చదును రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి, వెనక ఏదైనా ఉందన్న సంగతే తెలియట్లేదు అన్నాడు, ఆ వెనక తలుపుదే కొనేశాడు. నిజమే మరి. ట్యాంకులో నీళ్ళు లేవు, ఎండుగడ్డి లేదు, హేజెల్ లేదు.

అవన్నీ ఎక్కాక కనుమ దిగుతుంటే కడ్డీ వంగిపోయింది. ట్రైలర్ ముక్కు రోడ్డుకి కొట్టుకుంది. ట్రక్కుకి కట్టిన గొలుసులు ఆపబట్టి లోయలోకి పోలేదు. తలుపు తీసేసరికి హేజెల్ మోకాళ్ళ మీద పడి వణుకుతోంది. లేచింది గానీ ముందరి కుడికాలు నేలకి ఆనించలేదు. బతుకుతుంది, ఇక మనిషిని మాత్రం మోయలేదు అన్నాడు పశువుల డాక్టరు.

చలికాలమంతా తప్పు చేతులు మారుతూనే ఉంది. మొదట రోడ్డు గుంతలది అన్నాడు డెల్బర్ట్. తర్వాత కడ్డీ చేసినవాడిది. చివరికి హేజెల్‌ది, లోపల కుదురుగా నిలబడలేదట. ఆ మాట విన్నాక ఆయన కాఫీలో చక్కెర వేయడం మర్చిపోతూ వచ్చాను.

మంచు కరిగాక ఓ ఆదివారం మా తమ్ముడు రోలండ్ భోజనానికొచ్చాడు. వాడికి రెండు కంచరగాడిదలున్నాయి, వాడూ క్యాంపర్ వేటలోనే ఉన్నాడు.

"బావా, అచ్చం నీదానిలాంటిదే చూశాను. ఆ స్నానాల గది చూసి మా ఆవిడ ఇంటికి రానంది. వెనక నా గాడిదల్ని లాగుతుందా?"

"లాగకేం, రోడ్డు బాగుంటే..." అని డెల్బర్ట్ మొదలెట్టాడు. వాడు బుద్ధిగా తలూపుతున్నాడు. వింటే వాడు కొనేస్తాడు.

నేను బంగాళాదుంపల గిన్నె తమ్ముడి వైపు జరిపాను. కిటికీ అవతల హేజెల్ నీళ్ళ తొట్టి దగ్గరికి మూడు కాళ్ళ మీద వెళ్తోంది. డెల్బర్ట్ అటు చూశాడు. చాలాసేపు చూశాడు. ఫోర్కు కింద పెట్టాడు.

"కొనకు," అన్నాడు. "పొట్టిది కొను, పక్క తలుపుది. మీ అక్క ఆ రోజే చెప్పింది. నేను విననూ లేదు, పైగా నవ్వాను." తర్వాత నా వైపు తిరిగాడు, కళ్ళెత్తకుండా. "తప్పు నాదే నోరీన్. దాని కాలు పోగొట్టింది నేనే."