నెల్డా ఏ చేత్తో తిప్పుతుంది?

బాస్ చేపల గురించి తనకి తెలిసినంత ఆ చేపలక్కూడా తెలియదని డాయిల్ హార్గెట్ నమ్మకం. నీళ్ళు ఎంత వెచ్చబడితే చేప ఎంత లోతుకి దిగుతుందో, మబ్బు పట్టిన రోజున ఏ రంగు ఎర మీదికి ఎగబడుతుందో, తూర్పు గాలి వీస్తే మూతి ఎందుకు ముడుచుకుంటుందో అడిగితే చెబుతాడు. అడక్కపోతే ఇంకాస్త ఎక్కువ చెబుతాడు. అలబామాలో, టెనెసీ నది ఒడ్డున, పికెట్స్ ల్యాండింగ్ అనే ఆ ఊళ్ళో ప్రతి మగాడికీ ఈ జబ్బు ఉంది కాబట్టి దాన్నెవరూ జబ్బుగా లెక్కపెట్టరు.

అంతటి పండితుడు ఏప్రిల్ చివరి మంగళవారం పొద్దున వెర్నా ప్రూయిట్ గాలాల కొట్టులోకి వచ్చి, టోపీ తీసి, గొంతు సవరించుకుని నిలబడ్డాడు.

"వెర్నక్కా, మా నెల్డాకి ఒక గాలం కర్ర కావాలి. దారం చుట్టే రీలు కూడా. ఉన్నవాట్లోకెల్లా మంచిది తియ్యి," అన్నాడు.

మూలనున్న ఎత్తు పీట మీద హోయ్ట్ ఉన్నాడు. మంగలి పని మానేసి ఆరేళ్ళయింది, ఆ ఆరేళ్ళూ ఆ పీట మీదే గడిపాడు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వొలుచుకుంటున్నవాడు కాస్తా చెయ్యి ఆపేశాడు. వెర్నా కళ్ళజోడు ముక్కు మీదికి జారనిచ్చి డాయిల్‌ని పైనుంచి కిందికి చూసింది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. ఊళ్ళో మగవాళ్ళందరూ ఆవిడ దగ్గర కర్రలు కొన్నవాళ్ళే, అబద్ధాలు చెప్పినవాళ్ళే.

ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు. ఊరంతటికీ తెలుసు. రెండు వారాల కిందట, ఆదివారం మధ్యాహ్నం, డాయిల్ ఏడు పౌన్ల చేపని పడవ పక్కకి లాక్కొచ్చాడు. అతని పెళ్ళాం నెల్డా చేతివల పెట్టింది. వల అంచు తగిలి ఎర ఊడింది, చేప ఒకసారి ఒళ్ళు విరుచుకుని వెళ్ళిపోయింది. ఇలాంటిది ప్రతి పడవలోనూ జరుగుతుంది. కాకపోతే డాయిల్ రేవు దాకా తిట్టుకుంటూ వచ్చి, రేవులో పదిమంది వింటూండగా, "వెనక సీట్లో బకెట్టుకి టోపీ పెట్టి కూచోబెట్టినా నీకన్నా నయం," అన్నాడు.

నెల్డా ఇంటికొచ్చి టోపీ మేకుకి తగిలించి, "నేనింక నీ పడవెక్కను," అంది. ఇంట్లో ఉప్పయిపోయింది అన్నట్టు, అంత మామూలుగా అంది. అరిచుంటే డాయిల్ కి భయం ఉండేది కాదు. అరుపులకి మందు తెలుసు అతనికి. మర్నాడు అగ్నిమాపక కేంద్రం వాళ్ళు ఏటా పెట్టే జంటల చేపల పోటీకి పేర్లిచ్చే కాగితం మీద, ఈ కొట్టు గోడమీదే, నెల్డా పేరు పక్కన ట్వైలా సిమ్స్ పేరు కనబడింది. ట్వైలా బడి బస్సు నడుపుతుంది, సొంత పడవుంది. నాలుగు వరుసల కింద డాయిల్ పేరు, దాని పక్కన ఖాళీ.

శనివారం పోటీ పోతే పోయింది. ఆ పోటీలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా గెలిచింది లేదు. కానీ నెల్డా మళ్ళీ తన పడవెక్కుతుందా, ఎక్కదా? అదొక్కటే డాయిల్ కి పట్టుకుంది. రెండు ఆదివారాలు ఒక్కడే నది మీదికి వెళ్ళొచ్చాడు. నది మరీ పెద్దదిగా ఉంది, ఏం బాగాలేదు. అందుకని కర్ర కొని చేతిలో పెడితే అదే సర్దుకుంటుందని తీర్మానించుకున్నాడు. క్షమించమని అడగడం కన్నా కర్ర కొనడం తేలికని మగవాళ్ళు అనుకుంటారు.

"సరే," అని వెర్నా కాగితం, పెన్సిలు తీసింది. "రీలు ఏ చేత్తో తిప్పుతుంది?"

"ఏంటి?"

"పిడి కుడివైపుండాలా, ఎడమవైపుండాలా నాయనా?"

"అందరూ ఎలా తిప్పుతారో అలాగే."

"అందరూ ఒక్కలా తిప్పరు. హోయ్ట్ ఎడమచేత్తో తిప్పుతాడు."

"గాలం చేతకాని ఉత్తరాది ఒహాయో వాడిలాగా," అన్నాడు డాయిల్, మాట మళ్ళిద్దామని.

"నన్ను తర్వాత తిడుదువుగానిలే. ముందు అడిగినదానికి చెప్పరా," అన్నాడు హోయ్ట్.

డాయిల్ గోడ మీది కర్రల వంక చూశాడు. వెర్నా ఆ ప్రశ్న పక్కన సున్నా చుట్టి తర్వాతది అడిగింది. "మనిషి ఎత్తెంత? కర్ర పొడుగు చూడాలి."

"ఇంతుంటుంది." డాయిల్ తన గడ్డం దగ్గర చెయ్యి పెట్టి, ఆలోచించి, భుజం దగ్గరికి దించాడు.

"ఏ ఎర వేస్తుంది ఎక్కువగా? రబ్బరు వానపామా? రేకుల ఎరా?"

"నేనిచ్చింది వేస్తుంది."

"నువ్వేం ఇస్తావు?"

డాయిల్ నిజం చెప్పాడు, మరో దారి లేక. "నాకు అక్కర్లేనివి."

హోయ్ట్ కి వేరుశనగ్గింజ గొంతుకి అడ్డంపడి దగ్గొచ్చింది. అతను దగ్గినంతసేపూ డాయిల్ ఓపిగ్గా నిలబడ్డాడు. తర్వాత అన్నాడు, "పోనీ అక్కా, ఆ గులాబీ రంగుది ఇచ్చెయ్యి. ఆడవాళ్ళకి బాగుంటుంది."

"అది ఎనిమిదేళ్ళ పిల్లలది," అని వెర్నా పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. "చూడు డాయిల్. తెలుసుకుని రా, అప్పుడిస్తాను. తప్పు చేతి రీలు పట్టుకెళ్ళి ఇచ్చావంటే నీ పడవ సంగతి అలా ఉంచు, ఇంట్లోంచి కూడా వెళ్ళిపోతుంది ఆ పిల్ల."

"నీకు తెలుసా ఏ చెయ్యో?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా."

"చెప్పను."

డాయిల్ హోయ్ట్ వైపు తిరిగాడు.

"నాకూ తెలుసు," అన్నాడు హోయ్ట్. "రేవులో నిలబడే ఆ కొంగక్కూడా తెలుసు. పోరా పో."

ఇంటికెళ్ళి పెళ్ళాన్ని అడిగితే క్షణంలో తేలిపోయేది. డాయిల్ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే పడవలో, పద్దెనిమిది అడుగుల పడవలో, తను ముందు నిలబడి, పడవని నడిపే మోటారు పెడల్ తొక్కుతూ మంచి చోట్లన్నీ తను కొట్టుకుంటూ పోతే, మిగిలిన నీళ్ళలో వెనకనుంచి గాలం వేసిన మనిషి ఏ చేత్తో వేసిందో తను చూడలేదు. ఒక్కసారి చూసి ఉండాలి కదా అని అతను బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. వెనక్కి తిరిగిన సందర్భాలు చాలానే గుర్తొచ్చాయి. అన్నీ సామాను అడగడానికో, శాండ్‌విచ్ అడగడానికో తిరిగినవే.

ముందు కార్ల షెడ్డు వెతికాడు. నెల్డా కర్రలు పన్నెండున్నాయి. పన్నెండూ తన పాతవే, తను వాడి మొహం మొత్తాక ఆవిడకిచ్చినవి. అన్నిటికీ పిడి కుడివైపే ఉంది, ఎందుకంటే తను తిప్పేది కుడిచేత్తో. దాంతో ఏమీ తేలలేదు.

తర్వాత ఫొటోలు చూశాడు. ఫ్రిజ్ మీదవి, ఆల్బమ్‌లోవి, గోడ మీదవి. అన్నిట్లోనూ చేప పట్టుకుని నవ్వుతూ తనే. చేపలు మారాయి, టోపీలు మారాయి, జుట్టు పల్చబడుతూ వచ్చింది. నెల్డా ఎక్కడా లేదు. ఒక్కదాంట్లో మాత్రం తన బూట్ల దగ్గర, పడవ నేల మీద, టోపీ పెట్టుకున్న ఒక నీడ ఉంది, రెండు చేతులూ మొహం దగ్గర ఎత్తి పెట్టుకుని. ఆ నీడ ఏ చేత్తో కెమెరా నొక్కుతోందో కనుక్కుందామని డాయిల్ భూతద్దం తెచ్చుకుని మరీ చూశాడు. కాసేపటికి సిగ్గేసి ఆల్బమ్ మూసేశాడు.

బుధవారం వంటింట్లో నించున్న నెల్డా మీదికి చెప్పకుండా నారింజకాయ విసిరాడు, ఏ చేత్తో పట్టుకుంటుందో చూద్దామని. ఆవిడ పట్టుకోలేదు, వంగింది. కాయ వెళ్ళి బెండకాయ పచ్చడి సీసాకి తగిలింది.

"ఏమయ్యా, మతిగాని పోయిందా నీకు?" అంది నెల్డా.

"చెయ్యి జారింది," అన్నాడు డాయిల్.

"అంత దూరం జారిందా?"

అతను చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడ్చాడు. గురువారం పొద్దున ఆవిడ మొక్కజొన్న రవ్వ జావ కలుపుతూంటే గుమ్మంలో నిలబడి చూశాడు. కాసేపు కుడిచేత్తో కలిపింది, ఫోన్ మోగేసరికి ఎడమచేత్తో కలిపింది. ఫోన్ లో ట్వైలా. ఇద్దరూ శనివారం ఏ మలుపు దగ్గర మొదలెట్టాలో మాట్లాడుకుంటున్నారు. నెల్డా నవ్వుతోంది. తన పడవలో ఆవిడ అలా నవ్విందా ఎప్పుడైనా అని ఆలోచించాడు డాయిల్. గుర్తు రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, బీన్సు, మొక్కజొన్న రొట్టె మధ్యన, ఇంక తప్పక అడిగేశాడు.

"నెల్డా, నువ్వు రీలు ఏ చేత్తో తిప్పుతావు?"

నెల్డా చెంచా కింద పెట్టింది.

"నారింజకాయ అందుకేనా?" అంది.

"ఆఁ."

"మొన్న షెడ్డులో కూచుని నా కర్రలన్నీ తిరగేసింది కూడా?"

"ఆఁ."

నెల్డా నవ్వడం మొదలెట్టింది. బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయి, చేతిరుమాలు తీసి కళ్ళు గట్టిగా తుడుచుకుంది. ఆ తుడుచుకున్నవి నవ్వు నీళ్ళు కావని డాయిల్ కి కూడా అర్థమైంది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు డాయిల్. సిగ్గుండాలి."

"ఉంది. అందుకే అడగడానికి మూడు రోజులు పట్టింది. బకెట్టు మాట కూడా..." అని ఆగాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పు నాది."

"నీదే," అంది నెల్డా. రొట్టె ముక్క తుంచుకుంది. "ఏ చెయ్యో చెప్పను. రేపు కొట్టుకి పద. నా కర్ర నేనే ఏరుకుంటాను. నువ్వు నోరు మూసుకుని నిలబడాలి. నిలబడగలవా?"

"ప్రయత్నిస్తాను."

శుక్రవారం పొద్దున కొట్టులో నెల్డా గంటంబావు తీసుకుంది. ఒక్కొక్క కర్రా తీసి, కొన పైకప్పుకి ఆనించి వంచి చూసింది. మరీ బిగువుగా ఉన్నవి పక్కన పెట్టేసింది. చివరికి ఆరడుగుల ఎనిమిదంగుళాలది, కొన మెత్తగా ఉన్నది ఎంచుకుంది. రీలు చూపించమంటే వెర్నా అడక్కుండానే ఎడమవైపు పిడి ఉన్నది తీసి బల్ల మీద పెట్టింది.

"కుడిచేత్తో విసురుతాను, ఎడమచేత్తో తిప్పుతాను," అంది నెల్డా, డాయిల్ వైపు చూడకుండానే. "నీ రీళ్ళతో విసిరిన ప్రతిసారీ కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవాలి. చేప సరిగ్గా అప్పుడే కొడుతుంది. ఎన్ని పోయాయో."

పోయినవాటిల్లో చాలా డాయిల్ కి గుర్తున్నాయి. పోయిన ప్రతిసారీ ముందునుంచి, వెనక్కి తిరక్కుండానే, నిద్రపోతున్నావా అని అరిచేవాడు. అదీ గుర్తొచ్చింది. టోపీ అంచు నలుపుకుంటూ నేల చూశాడు.

నెల్డా ఎరల వైపు వెళ్ళింది. గోధుమరంగు రబ్బరు రొయ్య పొట్లం తీసింది. రాత్రి వాన పడింది, నీళ్ళు బురదగా ఉంటాయి, నలుపూ నీలమూ కలిసినది తీసుకోవాలని చిన్నపిల్లాడైనా చెబుతాడు. డాయిల్ మెడ నరాలు ఉబ్బాయి. పెదాలు లోపలికి పోయాయి.

"మంచినీళ్ళేమైనా తాగుతావా డాయిల్?" అని పరామర్శించాడు హోయ్ట్.

డాయిల్ తల అడ్డంగా ఊపాడు. నెల్డా గోధుమరంగువి ఇంకో రెండు పొట్లాలు తీసి బల్ల మీద పడేసి, "డబ్బు నువ్వియ్యి," అంది. అతను పర్సు తియ్యబోయాడు. ఆగమంది. వెనక్కి వెళ్ళి గోడ మీదినుంచి ఇంకో కర్ర తీసుకొచ్చింది. పొట్టిది, తేలికది, పిడి పొడుగు. అది అతని చేతిలో పెట్టింది.

"ఇది నీకు."

"నాకెందుకు? నాది ఏడున్నర అడుగులది, బంగారంలాంటిది."

"నీ కుడి భుజం పోయింది. ఫిబ్రవరి నుంచి మోచేత్తో విసురుతున్నావు, భుజం లేపట్లేదు. పదింటయ్యేసరికి ఎడమవైపు ఒరుగుతావు. మూడు గంటలకి మాటిమాటికీ దారం మార్చే వంకతో కూచుంటావు. అంత బరువు కర్ర ఇంకో ఏడాది వాడావంటే చెయ్యి లేవదు."

భుజం నొప్పి సంగతి డాయిల్ డాక్టరుకి చెప్పలేదు, హోయ్ట్ కి చెప్పలేదు, తనకి తనే సరిగ్గా చెప్పుకోలేదు.

"నీకెలా తెలుసు?" అన్నాడు చివరికి.

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నీ వీపు తప్ప నాకేం కనబడింది డాయిల్?"

వెర్నా ఏదో పని ఉన్నట్టు డబ్బాలు సర్దడం మొదలెట్టింది. డాయిల్ కర్ర రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. చేతికి సరిగ్గా సరిపోయింది, అదింకా బాధగా ఉంది.

"రేపు..." అన్నాడు.

"రేపు ట్వైలాతో. మాటిచ్చాను, తప్పను. నువ్వు ఒక్కడివే వెళ్ళు, లేకపోతే హోయ్ట్ ని ఎక్కించుకో."

"నేనెక్కను," అన్నాడు హోయ్ట్.

"ఎల్లుండి ఆదివారం," అంది నెల్డా. "ఎల్లుండి వస్తాను. కానీ ముందు నేను నించుంటాను. పెడల్ నేను తొక్కుతాను. ఎక్కడ ఆగాలో నేను చెబుతాను."

డాయిల్ నోరు తెరిచాడు. ఆ పడవ ముందు భాగం మీద తను తప్ప ఇంకో మనిషి కాలు పెట్టలేదు. ఆ పెడల్ మొరాయిస్తుందనీ, దాని సంగతి తనకొక్కడికే తెలుసనీ చెప్పబోయి, నెల్డా మొహం చూసి మానుకున్నాడు.

"మరి వెనక కూచుని రోజంతా నేనేం చూడను?" అన్నాడు.

"నన్ను చూడు," అంది నెల్డా.