బుజ్జి రక్తం తిప్పినవాణ్ణి

నేను ఒక తిరుగుబోతుని. సిగ్గెందుకు, నా ఉద్యోగమే అది! మూత వేసి మీట నొక్కితే చాలు, నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరుగుతాను. నాలో పెట్టిన రక్తంలో ఎర్రది అడుగుకి దిగుతుంది, పసుపు నీరు పైకి తేలుతుంది, మధ్యన సన్నటి తెల్లపొర నిలుస్తుంది. పుస్తకాల్లో నన్ను సెంట్రిఫ్యూజ్ అంటారు.

పుట్టింది హర్యానాలోని అంబాలాలో. గుంటూరులో ఒక రక్తపరీక్షల కేంద్రంలో కొన్నాళ్లు మనుషుల రక్తం తిప్పాను. కొత్త యంత్రం రాగానే నన్ను వదిలించుకున్నారు. అలా ఈ పశువైద్య కళాశాలలో డాక్టర్ ఇందుమతి గారి గదికి చేరాను. కుక్కలకి వంశపారంపర్యంగా వచ్చే గుడ్డితనం మీద ఆవిడ పరిశోధన. ఇక్కడికొచ్చాకే నాకు బతుకులో మజా తెలిసింది. మనుషులు సూది చూసి మొహం తిప్పుకుంటారు. కుక్కలు గుచ్చిన చేతినే నాకుతాయి!

ఒక సోమవారం భీమవరం నుంచి గోపాలరాజు గారు తమ లాబ్రడార్ బుజ్జితో దిగారు. వెంట మనవరాలు ప్రణవి. బుజ్జి అన్నకి మూడేళ్లకే చూపు పోయింది. దిష్టి తగిలిందని రాజుగారి నమ్మకం. పరీక్ష చేయించాల్సిందేనని ప్రణవి పట్టుబట్టి లాక్కొచ్చింది. శుక్రవారం బుజ్జిని షేరుతో జత కట్టించబోతున్నారు మరి. షేరు బుజ్జి తల్లికి తోడబుట్టినవాడు.

"మేనమామేనా పెళ్లికొడుకు?" అన్నారు ఇందుమతి గారు.

"ఆయ్! మా ప్రణవికీ మా చిన్నబ్బాయి వర్మనే అనుకున్నామండి. బయటి సంబంధం మా ఇంటా వంటా లేదండి, కుక్కకైనా సరే!"

"వద్దని ఏడాదిగా చెప్తున్నానండి, ఎవరూ వినట్లేదు," అని ప్రణవి డాక్టరు గారి చెవిలో చెప్పుకుంది.

కారులో ఉన్న షేరుని కూడా దింపి రక్తం తీశారు. బరువు సమంగా లేకపోతే నేను ఊరుకోను కాబట్టి, బుజ్జి గొట్టానికి సరిగ్గా ఎదురుగా షేరు గొట్టం పెట్టారు. వధూవరులు ఎదురెదురుగా! మనుషులు హోమం చుట్టూ ఏడడుగులు వేసి పెళ్లయిపోయిందంటారు. నేను పది నిమిషాల్లో నలభై వేల ప్రదక్షిణలు చేయించాను. ఆ సంబరంలో బల్ల కూడా గజగజ వణికింది.

తెల్లపొరలోంచి తీసిన డీఎన్ఏ గురువారానికల్లా నిజం చెప్పింది. ఆ మాట వినడానికి రాజుగారు, ప్రణవి బుజ్జిని తీసుకుని మళ్లీ వచ్చారు. బుజ్జి అన్న చూపు పోగొట్టిన లోపమే బుజ్జిలోనూ షేరులోనూ దాగి ఉంది. వాళ్ల చూపుకి ఢోకా లేదు. కానీ వాళ్లకి పుట్టే ప్రతి నాలుగు పిల్లల్లో ఒకటి గుడ్డిదయ్యే ప్రమాదం ఉంది.

"షేరు ఆమడ దూరంలో పిల్లిని చూస్తాడు కదండీ!" అన్నారు రాజుగారు.

"లోపం బయటికి కనబడదండీ. ఒకే వంశంలో జత కడితే దాగినవి రెండూ కలిసే అవకాశం ఎక్కువ."

"మనుషులకీ ఇంతేనాండి?"

"మనుషులకీ అంతేనండి."

రాజుగారు ఆ కాగితం వంక చూశారు. బుజ్జి వంక చూశారు. చివరికి మనవరాలి వంక చూశారు. ఏడాదిలో ఆ పిల్లని ఆయన నిజంగా చూడటం అదే మొదటిసారి అనిపించి నాకు ఎక్కడలేని ఆనందం కలిగింది.

"బుజ్జి పెళ్లి ఆపేద్దామమ్మా," అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "నీదీనూ. కానీ మీ మావకి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తా తాతగారూ!" ప్రణవి అప్పటికే ఫోను తీసేసింది. రెండు ముక్కల్లో సంగతి చెప్పేసింది. అవతల వర్మ "హమ్మయ్య!" అని అరిచిన అరుపు గదిలో అందరికీ వినబడింది.

రాజుగారు నా మూత మీద అరచేత్తో ఒక్కటి చరిచారు. తర్వాత అందరికంటే ముందు ఆయనే నవ్వారు.