రెండో మైకు

ఎంగిలంటే నాకు చచ్చేంత రోత. మైకులు అద్దెకిచ్చి బతికేవాడికి ఉండకూడని జబ్బు ఇది, కానీ ఏం చేస్తాం, ఉంది. ఆత్మకూరు బస్టాండు వెనకాల నా సౌండు షాపులో పొద్దున్నే చేసే మొదటి పని మైకుల జాలీలు విప్పి స్పిరిట్‌తో తుడవడం. ఎవడి నోటి తుంపరో, ఎవడి గుట్కా కంపో! అన్నిట్లోకీ దరిద్రమైనది ఉదయగిరి దగ్గర రాజమోహన్ గారింట్లో నేను అద్దెకుంచిన భజన మైకు. ఆయన తల్లి రాఘవమ్మ గారు వక్కాకు నములుతూనే పాడుతుంది. మూడేళ్ల ఉమ్మి ఆ జాలీ లోపలి స్పాంజిలో గడ్డకట్టింది. ఒక్కసారి షాపుకు తీసుకెళ్లి శుభ్రం చేసి తెస్తానంటే ఆవిడ ఒప్పుకోదు.

"మా మైకు మా ఇంట్లోనే ఉండనీ నాయనా. నీ అంగడికి పోతే ఎవురెవురు ముట్టుకుంటారో ఏమో" అంటుంది.

ఆ ఇంట్లో రెండో మైకు కూడా ఉంది. దాని పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. అది సుజాతది. చెరువుకట్ట కింద ఉండే రోశయ్య కూతురు సుజాత. చెరువులో నీళ్లుంటే చేపలు పడతారు, లేనప్పుడు కూలికి పోతారు. ఆ పిల్ల గొంతు లేకపోతే రాఘవమ్మ గారి భజన బృందం పల్లవి దాటి ముందుకు పోలేదు. అందుకని పాడటానికి పిలుస్తారు. లోపలికి మాత్రం పిలవరు. హాల్లో జంపఖానా మీద అమ్మగార్లందరూ కూర్చుంటే, ఆ పిల్ల గుమ్మం అవతల వసారాలో నిలబడి పాడుతుంది. వేరే మైకు, వేరే ఎకో పెట్టె, వేరే ప్లగ్గు. ఆ ఎర్ర టేపు చుట్టింది ఎవరనుకున్నారు? నేనే. "కలిసిపోకుండా ఏదన్నా గుర్తు పెట్టు నాయనా" అని రాఘవమ్మ గారు అడిగితే, "అట్నేమ్మా" అని పళ్లికిలించి మరీ చుట్టాను.

ప్రతి శనివారం పొద్దున ఈ భజన యూట్యూబులో లైవు పోతుంది. నెల కిందట పాత ఎకో పెట్టెలు తీసేసి కొత్తగా డిజిటల్‌వి పెట్టాను. అప్పటినుంచి పట్టుకుంది పీడ. సుజాత మైకు తెరిస్తే చాలు, గుయ్యిమని ఒకటే రొద. అమ్మగార్లు పాడేటప్పుడు ఏమీ లేదు. ఆ పిల్ల పాడేటప్పుడే గుయ్యి.

ఇంతలో నెల్లూరు నుంచి ఒక భక్తి టీవీ వాళ్లు ఫోన్ చేశారు. లైవులో ఆ అమ్మాయి గొంతు విన్నామనీ, రొద లేని పాట ఒక్కటి శనివారం పన్నెండు లోపల పంపితే, నచ్చితే తమ పాటల కార్యక్రమంలోకి తీసుకుంటామనీ చెప్పారు. ఆ శనివారం రానే వచ్చింది. నేను తొమ్మిదింటికే వెళ్లాను. సుజాత అప్పటికే వసారాలో ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుని, గోడకు కూడా ఆనకుండా నిలబడి ఉంది.

"ఈ గుయ్యి పోతాదా అన్నా?" అని మెల్లగా అడిగింది.

"పోక యాడికి పోతాది? చూస్తాగా" అన్నాను.

వైరు మార్చాను. గుయ్యి. అడాప్టరు మార్చాను. గుయ్యి. హాల్లోని ఎకో పెట్టె తెచ్చి వసారాలో పెట్టాను, వసారాది హాల్లో పెట్టాను. హాల్లోకి వచ్చిన పెట్టె నోరు మూసుకుంది. వసారాలోకి పోయినది గుయ్యిమంది. అంటే తప్పు పెట్టెలో లేదు.

రాజమోహన్ గారు కాఫీ గ్లాసుతో వచ్చి నా నెత్తిన నిలబడ్డాడు.

"ఏందిరా ఆదినారాయణా, ఇంకా కాలా? నేను మొదట్నించీ చెప్తానే ఉండా. మీ మిషన్లలో ఏం లేదు. ఆ పిల్ల గొంతులోనే ఉండాది రొద. మా లిఖిత చేత పాడిచ్చి పంపిద్దాం, తేలిపోతాది."

ఛీ! చదువుకున్నవాడు అనే మాటేనా అది? లిఖిత ఆయన కూతురు. ఆ అమ్మాయికి పాట రాదు, ఆ సంగతి ఆ అమ్మాయికే బాగా తెలుసు. పాపం, ఆ మాట వినగానే ఫోన్ పట్టుకుని మేడ మీదికి పారిపోయింది. సుజాత తల దించుకుంది.

చివరికి నా సంచిలోంచి పవర్ బ్యాంకు తీసి వసారా పెట్టెకు తగిలించాను. గోడ కరెంటుతో పని లేకుండా. అంతే, టక్కున ఆగిపోయింది రొద. నేను లేచి, వసారా ప్లగ్గు వైరు ఎటు పోయిందో చూసుకుంటూ నడిచాను. అది గోడ చుట్టూ తిరిగి గొడ్లచావిడి పక్కన బోరు మోటారు బోర్డుకు పోయింది. హాలు కరెంటుకు భూమిలోకి దిగే ఎర్తు తీగ ఒకటి, వసారా కరెంటుకు మోటారు ఎర్తు. రెండు చోట్ల నుంచి కరెంటు తాగే పెట్టెలను, గొంతులన్నీ కలిపే ఒకే మిక్సర్‌కు కలిపితే అరవక ఏం చేస్తాయి? పాత పెట్టె సెల్లుతో నడిచేది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. మా పనిలో మొదటి పాఠం ఇది. ఒక వరసలో ఉన్నవన్నీ ఒకే బోర్డు నుంచి తాగాలి. ఆ పిల్లను గుమ్మం బయట పెట్టాలని నేనే పెట్టెను కూడా బయట పెట్టాను. థూ నా బతుకు!

పవర్ బ్యాంకు అట్లాగే ఉంచేస్తే సరిపోయేది. హాల్లోంచి ఒక ఎక్స్‌టెన్షన్ లాగినా సరిపోయేది. రెండు నిమిషాల పని. కానీ ఎందుకో ఆ రోజు నాకు ఒళ్లు మండింది. పవర్ బ్యాంకు పీకి సంచిలో వేసుకున్నాను. హాల్లోకి పోయి అబద్ధం చెప్పాను.

"అమ్మా, రెండు మైకులు పనికిరావు. అందురూ లోపల ఒక్క మైకులోనే పాడాల. లేదంటే ఈ గుయ్యి జన్మలో పోదు."

రాఘవమ్మ గారి నోట్లో వక్కాకు ఆగిపోయింది.

"మైకు లోపలికొస్తే... ఆ పిల్ల?"

"మైకు దానంతటది పాడదు కదమ్మా."

అమ్మగార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. రాజమోహన్ గారికి టీవీలో తన ఇంటి భజన పేరు రావాలి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క పాటే కదమ్మా. రానీ."

సుజాత చెప్పులు ఎప్పుడో మెట్ల కిందే విడిచింది. అయినా కాళ్లు ఇంకోసారి కడుక్కుని వచ్చింది. గుమ్మం దాటింది. నేను రాఘవమ్మ గారి మైకు స్టాండు ఆ పిల్ల నోటి ఎత్తుకు సర్దాను. సుజాత ఒక్క అడుగు ముందుకేసి, ముక్కు చిట్లించి, రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో, ఇది నాకొద్దన్నా" అంది. "వక్కాకు కంపు కొడతా ఉండాది. నా మైకు నాకియ్యి."

నాకు నవ్వు పొంగుకొచ్చింది, పెదవి కొరికి ఆపుకున్నాను. ఎర్ర టేపు మైకు తెచ్చి హాలు పెట్టెకే తగిలించాను. ఆ పిల్ల దాన్ని ప్రతిసారీ కొంగుతో తుడిచి, కవర్లో చుట్టి పెట్టేది. ఆ ఇంట్లో శుభ్రంగా ఉన్న వస్తువు అదొక్కటే.

రికార్డింగు నొక్కాను. తంబూరా శ్రుతి కొన్ని క్షణాలు పోనిచ్చి, సుజాత ఎత్తుకుంది. గుయ్యి లేదు, గరగర లేదు. ఆ గొంతు ఆ హాలుకు చాలలేదు, వీధిలోకి పోయింది. రాఘవమ్మ గారు కూడా తెలియకుండా తాళం వేసింది, అబద్ధమెందుకు.

పదకొండూ నలభైకి పాట పంపాను. నేను వైర్లు చుడుతుండగానే జవాబు వచ్చింది. "చాలా బాగుంది. మంగళవారం అమ్మాయిని పంపండి." చదివి వినిపించాను. సుజాత రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతులు తీసి, "నేనొకసారి ఇనొచ్చా అన్నా?" అని అడిగింది.

హెడ్‌ఫోన్ ఆ పిల్లకిచ్చి, మిక్సర్‌లో ఉన్న అసలు రికార్డింగు పెట్టాను. అదే నేను చేసిన పొరపాటు. టీవీ వాళ్లకు పంపేటప్పుడు ముందరి కొన్ని సెకన్లు కోసేశాను, పాట మొదలు నుంచి ఉంటే చాలని. ఆ సెకన్లలో ఏముందో పట్టించుకోలేదు. సుజాత మొహంలో నవ్వు అట్లాగే ఉండి, మెల్లగా ఆరిపోయింది. నేను హెడ్‌ఫోన్ ఒక పక్క చెవికి ఆనించుకుని మళ్లీ వేశాను. తంబూరా శ్రుతి వెనక, రాఘవమ్మ గారు కోడలు రేణుకాదేవి చెవిలో చెప్పిన మాట.

"ఆ పిల్ల పోయినాక గుమ్మం కాడ్నించి కడిగిచ్చు. పసుపునీళ్లు జల్లు. జంపఖానా గూడా తడపమను."

అక్షరం పొల్లుపోలేదు. అంత శుభ్రంగా వచ్చింది రికార్డింగు.

సుజాత హెడ్‌ఫోన్ తీసి, చెవులు ఆనిన చోట కొంగుతో తుడిచి, నా చేతికిచ్చింది.

"సౌండు బాగైందన్నా" అంది. "ఇప్పుడు అన్నీ ఇనపడతా ఉండాయి."

తన మైకును కవర్లో చుట్టి చంకన పెట్టుకుంది. మెట్లు దిగి, చెప్పులు వేసుకుని చెరువుకట్ట వైపు నడిచింది. అది నా మైకే. అడగలేదు, నేనూ ఆపలేదు. వెనక హాల్లో అప్పుడే బకెట్టు చప్పుడైంది.