తాడుకు ఇవతల

నాకు ఊరికే కూర్చోవడం రాదు. చిన్నప్పుడు అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది, ఇప్పుడు ఆ బాధ్యత మా ఆయన తీసుకున్నాడు. లిఫ్టులు బాగుచెయ్యడం నా ఉద్యోగం. లోపల మనుషులు ఇరుక్కుని తలుపులు బాదుతుంటే, నింపాదిగా ఇంకొకరికి పని నేర్పుతూ కూర్చుంటామా? స్క్రూడ్రైవర్ చేతికొస్తే పని అయిపోవాల్సిందే.

ఆ చేతులతోనే ఆరు నెలలుగా ప్రతి శనివారం ఇంజనీరింగ్ విద్యార్థుల క్లబ్బుకు వెళ్తున్నాను. నేర్పడానికే, జీతం భత్యం లేకుండా. పోటీ కోసం వాళ్ళు బ్యాటరీతో నడిచే చిన్న కారు తయారు చేస్తున్నారు. అందులో వైరింగ్ చూసే అమ్మాయిని అందరూ నత్త అంటారు. ఒక్క అతుకు వెయ్యడానికి తీగను మూడుసార్లు తుడుస్తుంది. చూస్తుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకేవి.

పోటీకి ముందు శనివారం, బ్రేకు నొక్కగానే మోటారుకు కరెంటు ఆపే తీగ అతకాల్సి వచ్చింది. నత్త తుడుస్తూనే ఉంది.

"ఇలాగైతే తెల్లారినట్టే. ఇటివ్వు తల్లీ" అని సోల్డరింగ్ ఐరన్ లాక్కుని నిమిషంలో అతికేశాను.

"చాలా బాగుందక్కా" అని ఆ పిల్ల పక్కకు జరిగింది.

అలా పక్కకు జరగడం నాకు కొత్త కాదు. రెండేళ్ళ కిందట మా అమ్మాయి సైన్సు నమూనా నేనే పూర్తిచేసి ఇచ్చినప్పుడు అదీ ఇలాగే పక్కకు జరిగింది. అప్పటినుంచి నన్ను ఏదీ అడగలేదు. ఇంత తెలిసీ చెయ్యి ఊరుకుంటేనా.

పోటీ రోజు మా అమ్మాయి కూడా వెంట వచ్చింది. తనిఖీ చేసే చోటికి విద్యార్థులనే రానిస్తారు, మిగతావాళ్ళు పసుపు తాడుకు ఇవతలే. తనిఖీదారు టార్చి వేసి ఒక్కో అతుకూ చూస్తూ నా అతుకు దగ్గర ఆగాడు. మిగతావన్నీ ఉండలు ఉండలు, ఇదొక్కటే నున్నగా మెరుస్తోంది.

"ఇది ఎవరు వేశారమ్మా?"

బయటివాళ్ళ చెయ్యి పడిన బండిని పరుగుకు ఒప్పుకోరు. ఆ నియమం నేనూ చదివాను, చదివి మరిచిపోయాను. నేనే వేశానని చెప్పెయ్యవే పిల్లా అని లోపల గింజుకున్నాను.

"మేం కాదండి" అంది నత్త. "మాకు నేర్పే అక్క వేసింది. నేను ఆపాల్సింది, ఆపలేదు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "అరగంటలో తనిఖీ ముగిస్తాం. ఆలోగా తీసేసి మీరే వేసుకోండి. లేకపోతే బండి ఇక్కడే."

వాళ్ళ ఏడాది కష్టం నా వల్ల నీళ్ళపాలయ్యేలా ఉంది. సిగ్గుతో తాడు పట్టుకుని నిలబడ్డాను. నత్త అతుకు కత్తిరించింది, కొత్తది వేసింది, లాగి చూసింది. ఊడొచ్చింది. ఎందుకు ఊడిందో నాకు తెలుసు, తీగ సరిగ్గా వేడెక్కలేదు. చెబుదామని నోరు తెరిచాను.

"చెప్పకండక్కా" అంది తల ఎత్తకుండానే. "మీరలా చూస్తుంటే నాకు పని సాగట్లేదు. కాస్త అటు తిరగండి."

తిరిగాను. ఎదురుగా మా అమ్మాయి.

"ఏం చేస్తోందే?" అన్నాను.

నా భుజం మీదుగా చూసింది. "తీగ తుడుస్తోంది."

"ఎన్నోసారి?"

"మూడోసారి. ఊరుకోమ్మా."

ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

"నా సైన్సు నమూనా అప్పుడు నేనూ నిన్ను అటు తిరగమనాల్సింది" అంది మా అమ్మాయి, నెమ్మదిగా.

"ఈసారి అను" అన్నాను. "తిరుగుతాను."

వెనక మోటారు గుయ్యిమంది. ఎవరో బ్రేకు నొక్కినట్టున్నారు, ఆ చప్పుడు టక్కున ఆగింది. క్లబ్బు పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మా అమ్మాయి మొహంలో నవ్వు కనిపిస్తూనే ఉంది.

అయినా నేను వెనక్కి తిరగలేదు. నత్త ఇంకా తిరగమనలేదు.