కత్తి చేతిలో ఉండగా

బ్లేడును కాగితంతో సహా నడిమికి విరిచి, ఒక ముక్కను కత్తిలో బిగించాడు చిట్టి నాన్న. కుర్చీలో హెడ్మాస్టరు. చెవుల దాకా నురగ, మెడ చుట్టూ తెల్లగుడ్డ. ఇరవై ఏళ్లుగా ఒకే వైపు వంగి పనిచేసీ చేసీ చిట్టి నాన్న ఎడమ భుజం కాస్త జారిపోయింది. సబ్బునీళ్లకు నానిన వేళ్ల కొసలు ముడతలు పడి ఉంటాయి. ఎవరైనా గుర్తుపెట్టుకునే మనిషి కాదు. అద్దంలో తమ మొహం చూసుకునేవాళ్లకు వెనకాల నిలబడ్డవాడు ఎందుకు కనిపిస్తాడు!

కత్తి చేతిలో ఉండగా తగువు మాట ఎత్తకూడదు, ఎదుటివాడు ఎత్తినా జవాబివ్వకూడదు. ఇది వాళ్ల నాన్న పెట్టిన కట్టుబాటు. "ఒకరి గొంతు మన చేతిలో ఉన్నప్పుడు మన మాట మాట కాదురా, బెదిరింపు" అనేవాడాయన. ఆ సంగతి హెడ్మాస్టరుకీ తెలుసు. తెలిసే, సరిగ్గా కత్తి చెంప మీద పడ్డాక మొదలుపెట్టాడు మహానుభావుడు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకయ్యా? నువ్వు నష్టపరిహారం అంటూ కోర్టుకెక్కావనుకో, కమిటీవాళ్లు ముందు మన బడి ఆయమ్మను పీకేస్తారు. తలుపు చూసుకోవాల్సింది ఆవిడేగా! ముసల్దాని కడుపు కొట్టినవాడివవుతావు. ఆలోచించుకో."

చిట్టి నాన్న కత్తి ఆపలేదు.

పోయిన నెలలో తరగతి ఇనుపతలుపు గాలికి విసురుగా మూసుకుని చిట్టి కుడిచేతి చూపుడువేలు నలిగిపోయింది. రెండో క్లాసు పిల్ల. ఇంకో ఆపరేషన్ చేస్తే వేలు వంగుతుందన్నాడు డాక్టరు. చేయించకపోతే అది ఎప్పటికీ కర్రపుల్లే. ఆ ఖర్చు ఈ కుర్చీ ఇచ్చేది కాదు. బడివాళ్లు ఇవ్వాలి. కానీ ఆ రోజు పిల్లను చంకనేసుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తింది ఆయమ్మే. ఆపరేషన్ గది బయట, కన్నతల్లి కంటే ఎక్కువ ఏడ్చిందీ ఆవిడే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడానికి అతనికి చేతులు రావడం లేదు.

మధ్యాహ్నం అన్నం క్యారియర్ తెచ్చిన భార్య సూటిగా అడిగింది. "ఏం తేల్చారు?"

"ఒకరి నోటికాడ కూడు లాక్కుని మన పిల్ల వేలు బాగుచేయించుకుందామా?"

"ఆయమ్మ మీద జాలి నాకు మాత్రం లేదా? పొద్దున్న చిట్టి తన జడ తనే వేసుకుంటానని కూచుంది. ఆ వేలు అడ్డమొచ్చి మూడుసార్లు జారిపోయింది. నాకేసి చూసి నవ్వింది, ఏడిస్తే నేను బాధపడతానని. ఇంత పిల్లకి ఆ తెలివి ఎందుకండీ?" కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. అతను తినకుండానే క్యారియర్ మూత పెట్టేశాడు.

ఎండ తగ్గాక రిటైరైన కండక్టరు వచ్చాడు. కుర్చీలో కూర్చుంటే చాలు, టికెట్ లేకుండా సలహాలిస్తాడు. "కేసు వెయ్యి తమ్ముడూ! మా బావమరిది లాయరే. ఇంతవరకు ఒక్క కేసూ ఓడలేదు."

"ఎన్ని గెలిచాడన్నా?"

"ఇంకా ఒక్కటీ రాలేదులే."

నవ్వుకుంటూ అతని గడ్డం పైకెత్తి గొంతు కింద కత్తి ఆనించాడో లేదో, గుమ్మంలో ఆయమ్మ. చేతిలో గుడ్డల సంచి. లోపలికొచ్చి బల్ల మీద కూలబడింది.

"నీ పని నువ్వు చేసుకో బాబూ. చెప్పి పోతాను. ఆ తలుపు కొట్టుకోకుండా రోజూ ఇటుక అడ్డం పెట్టేదాన్ని. ఎవరో పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు, ఇటుక అసయ్యంగా ఉందని పెద్దసారు తీయించాడు. వద్దు సారూ అన్నా, విన్లేదు. ఇప్పుడేమో తప్పు నాదేనని ఒప్పుకోమంటున్నాడు. ఒప్పుకోలా. పనే మానేశా. ఇంక నన్ను చూపించి నిన్నెవరూ బెదిరించలేరు. ఎక్కడ నిలబెట్టి అడిగినా వచ్చి చెప్తా. మా చెల్లెలి దగ్గరికి పోతున్నా, బస్సు టైమైంది. చిట్టిని ఏడవొద్దను."

వెళ్లొద్దమ్మా, ఈ పూట మా ఇంట్లో ఇంత తిని పడుకో అనాలని అతని ప్రాణం కొట్టుకుంది. కండక్టరు గొంతుముడి కత్తి కింద పైకీ కిందకీ కదులుతోంది. ఇదీ ఆ తగువు మాటే, ఈ ఒక్క గీత అయిపోనీ అనుకున్నాడు. గీత పూర్తిచేసి, కత్తి కింద పెట్టి, తిరిగి చూసేసరికి బల్ల ఖాళీ. వీధిలోకి ఉరికాడు. ఎదురుగా ఆగి ఉన్న బస్సు ఆవిడను ఎక్కించుకుని మలుపు తిరిగిపోయింది. ఒక్క మాట, తల్లీ అన్న ఒక్క మాటైనా అనలేకపోయానే అని గుండె చెరువైంది.

లోపలికొచ్చి, సగం నురగతో ఉన్న కండక్టరుతో అన్నాడు. "రేపు షాపు తియ్యనన్నా. నేనూ మా ఆవిడా లాయరు దగ్గరికి పోతున్నాం."

"మా బావమరిది దగ్గరికేనా?"

"కాదులే."

"మంచిపని చేశావ్" అన్నాడు కండక్టరు గొంతు సవరించుకుని. "ఆవిడ చెల్లెలుండేది నా పాత రూటులోనే. అవసరమైన రోజు నేనే తీసుకొస్తా."

మిగిలిన చెంప గీయడానికి నీళ్లగిన్నె అందుకోబోతూ బల్లవైపు చూశాడు. చిట్టి వేలు వంగేలా నొక్కుకోవడానికి కాబోలు, పాతగుడ్డ పేలికలు కుక్కి చేత్తో కుట్టిన బంతి ఒకటి అక్కడుంది. మాట్లాడినంతసేపూ పిసికిన ముసలి వేళ్ల గుంటలు దాని మీద ఇంకా పూడలేదు.