నారింజ గొంతు, నల్ల తోక

రంగుల మిల్లులో ఆ అమ్మాయిని అందరూ నిదానం అని పిలుస్తారు. అద్దకం నుంచి వచ్చిన ప్రతి గుడ్డనీ ఎండ నేరుగా పడని ఉత్తరపు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అసలు నమూనా పక్కన పెట్టి, తిప్పి తిప్పి చూస్తే గానీ సరేనని సంతకం పెట్టదు. వెనక నిలబడి సూపర్‌వైజరు ఎంత గింజుకున్నా చెవిన వేసుకోదు. మామూలుగా నోట్లో నాలుక లేని పిల్లే. రంగు దగ్గర మాత్రం మొండిఘటం.

ఆ నిదానం ఈ ఆదివారం పొద్దున పక్షుల సంఘం ఆఫీసులో, ఇనుప కుర్చీ అంచున కూర్చుని ఉంది. పక్కన తోడొచ్చిన పెద్దమ్మ. ఆవిడా ఆ మిల్లులోనే ఉతుకుడు పనిలో ఉంది. బల్లకి అవతల సంఘం పెద్ద, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన పక్కన కార్యదర్శి, ఊళ్లో అందరి పళ్లూ పీకే డాక్టరమ్మ. వాళ్ల ముందు, కొత్త పిట్ట కనిపించిందని నిదానం పంపిన ఫారం ఉంది.

మిల్లు వెనక గోడ దగ్గర ఒక పైపు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఆ తడికి ఈగలు ముసురుతాయి. పదకొండు రోజుల కిందట భోజనాల వేళ అక్కడ ఒక ఈగపట్టు పిట్ట కనిపించింది. తీగ మీద నుంచి విసురుగా లేవడం, గాలిలోనే ఈగని అందుకోవడం, మళ్లీ అదే చోట వాలి తోక ఎగరేయడం. అలాంటి పిట్టల్లో మామూలు రకం ఈ ఊళ్లో ఏటా కనిపించేదే. ఇది అది కాదు. దీని గొంతు నారింజ, తోక నలుపు. కొండ అడవులు దాటి రాదని పుస్తకాలు చెప్పే పిట్ట. ఈ మైదానంలో దాన్ని చూసినట్టు ఇంతవరకూ ఎక్కడా రాతలో లేదు.

మిల్లులో సెల్‌ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టేసుకుంటారు. ఫోటో తీసే దారి లేదు. నిదానం తనకి తెలిసిన పనే చేసింది. కత్తిరింపుల బుట్టలోంచి చిన్న చిన్న గుడ్డముక్కలు ఏరుకుని, పిట్టకి పది అడుగుల దూరంలో కూర్చుని, అరచేతిలో ఒక్కో రంగూ సరిచూసింది. గొంతుకి ఒకటి, చెంపకి ఒకటి, తోకకి ఒకటి. వాటిని అట్ట మీద కుట్టి, ఏ రోజు, ఎన్నింటికి, ఎండలోనా నీడలోనా అన్నీ కింద రాసి, ఫారానికి జతచేసింది.

మాస్టారు ఆ అట్టని రెండు వేళ్లతో ఎత్తారు. "ఏంటమ్మాయ్ ఇది? పిట్ట గురించి రాయమంటే కర్టెన్ల కొట్టు పంపించావు."

పెద్దమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఎగతాళి చేయకండి సారూ. నేనూ చూశాను దాన్ని, ఈ రెండు కళ్లతో."

"నువ్వు చూడలేదు పెద్దమ్మా," అంది నిదానం మెల్లగా. "నువ్వు ఎప్పుడూ లోపలే తింటావు కదా."

"ఊరుకోవే. నీ తరఫున మాట్లాడుతుంటే నన్నే పట్టిస్తావేంటి?"

డాక్టరమ్మ నవ్వాపుకోడానికి కళ్లజోడు తుడుచుకుంది. మాస్టారు ఫారం మీద వేలు పెట్టారు. "ఇదిగో, నువ్వే రాశావు. మొదటి రోజు, ఏ పిట్టో తెలియలేదు. రెండో రోజు, తోక సరిగ్గా కనబడలేదు. నీకే తెలియకపోతే మమ్మల్ని ఎలా ఒప్పుకోమంటావు?"

"మొదటి రోజు తెలియలేదు సార్. అందుకే తెలియలేదని రాశాను. మూడో రోజు తోక కనబడి తెలిసింది. తెలిసిందని రాశాను."

ఆయన అలమరలోంచి లావుపాటి పక్షుల పుస్తకం తీసి, బొమ్మ తెరిచి, పక్కన అట్ట పెట్టారు. "ఇదీ అసలు గొంతు. ఇటుక ఎరుపు. నీ ముక్క చూడు, వెలిసిన నారింజ. ఏమైనా పొంతన ఉందా?"

నిదానం పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. మిగతా ముగ్గురూ లేచి వెనకాల వెళ్లక తప్పలేదు. ఆమె పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. "ఇది పిచ్చుకే కదా సార్?"

"పిచ్చుకే."

"మన పిచ్చుక వీపు ఇంత ఎర్రగా ఉంటుందా?"

డాక్టరమ్మ వంగి చూసింది. "ఎక్కడుంటుంది! ఇదేదో జ్వరమొచ్చిన పిచ్చుకలా ఉంది."

"అచ్చులో ఎరుపు ఎక్కువ పడింది. పుస్తకమంతా అలాగే ఉంది. ఆ ఎరుపు తగ్గిస్తే గొంతు నా ముక్క దగ్గరికే వస్తుంది. మా దగ్గర ఇలాంటి గుడ్డల లాటు వస్తే వెనక్కి పంపేస్తాం."

"ఇరవై ఏళ్లుగా వాడుతున్నానమ్మాయ్ దీన్ని!"

"అయితే ఇరవై ఏళ్లుగా ఎర్రగానే ఉందన్నమాట," అంది పెద్దమ్మ.

మాస్టారు పుస్తకం మూసి తన కుర్చీలోకి వెళ్లిపోయారు. "రంగు సంగతి వదిలేయ్. ఫోటో లేదు. పోనీ వచ్చి చూద్దామంటే మీ గేటు దగ్గర నన్ను గంటసేపు ఎండలో నిలబెట్టి పొమ్మన్నారు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు చిన్నబోయింది. నిదానానికి జాలేసింది. ఆయనే మళ్లీ సర్దుకుని అన్నారు. "ఒక పని చేద్దాం. జాతి తెలియని ఈగపట్టు పిట్ట అని రాసుకుంటాం. జాబితాలో నీ పేరూ ఉంటుంది. సరేనా?"

పెద్దమ్మ మోచేత్తో పొడిచింది. "ఒప్పుకోవే. పేరు వేస్తామంటున్నారుగా."

ఇంత పెద్దాయనకి ఎదురు చెప్పడం నిదానానికి ఇదే మొదలు. "వద్దు సార్. నాకు జాతి తెలుసు. తెలియదని నా పేరు మీద రాయకండి."

"అయితే తిరస్కరించాల్సి వస్తుంది."

"తిరస్కరించండి."

మాస్టారు చరచరా రాసి, సంతకానికి ఫారం ఇటు తోశారు. నిదానం దాన్ని కూడా గుడ్డని చూసినట్టే చూసింది. 'పరిశీలకురాలు పొరబడి ఉండవచ్చు.' పెన్ను కింద పెట్టేసింది.

"ఇది తప్పు సార్. నేను పొరబడ్డానని మీరు చూపించలేదు. ఫోటో లేదన్నారు. అదే రాయండి."

"రెండూ ఒకటే కదమ్మా."

"కాదు సార్. ఫోటో లేదనడం మీ రూలు. పొరబడ్డాననడం నా కళ్ల మీద నింద."

డాక్టరమ్మ ఫారం తనవైపు తిప్పుకుని చదివింది. "ఆ అమ్మాయి చెప్పింది నిజమే మాస్టారూ."

ఆయన ముఖం ముడుచుకుని ఆ వాక్యం కొట్టేసి, 'ఫోటో లేనందువల్ల అంగీకరించలేదు' అని రాశారు. నిదానం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.

"అట్ట ఫారంతోనే ఉండాలి సార్. కుట్లు విప్పకండి."

"ఉంటుందిలే. ఇక వెళ్లిరా."

ఆమె లేవలేదు. "ఖాళీ ఫారాలు కావాలి."

"మళ్లీ ఎందుకు?"

"నిన్న కూడా అది అక్కడే ఉంది సార్."

"మళ్లీ తిరస్కరిస్తాం."

"తిరస్కరించండి. నేను రాస్తాను."

"ఎన్ని కావాలేంటి?"

"అది ఎన్నాళ్లుంటే అన్ని."

డాక్టరమ్మ అలమరలోంచి ఫారాల కట్ట మొత్తం తీసి బల్ల మీద పెట్టింది. "ఓరి నాయనో, ఇన్నా!" అంది పెద్దమ్మ. నిదానం పైనున్న ఫారం తీసుకుని, కుర్చీ ముందుకి జరుపుకుని, నిన్నటి తేదీ వేసి రాయడం మొదలుపెట్టింది. తాళంచెవులు చేతికి తీసుకున్న మాస్టారు మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది.